ఆ పాట ఆపింది సత్తిబాబు కాదు

నా తప్పును ఇంకొకడు మోస్తున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికి తెలియదు. తప్పు చేసిన మర్నాడే దాన్ని దించి అతని నెత్తిన పెట్టేశాను. ఇన్నేళ్ళుగా నా మీద బరువుగా కూర్చున్నది ఆ దించుకోవడమే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే ముందు ఓదారుస్తారు, తర్వాత పదిమందికీ చెబుతారు. రెండూ నాకు పడవు. మీరు నన్ను ఓదార్చకండి. "అప్పటి పరిస్థితులు అలాంటివి" అనే మాట మీ నోటిదాకా వస్తే అక్కడే మింగేయండి. ఆ మాటను నాకు నేనే చెప్పుకుని ఎప్పుడో అరగదీశాను. నా పేరు రాయను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను. జరిగినదాన్ని మాత్రం మార్చలేదు.

విషయం ఒక పాట గురించి. ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన రోజుల్లో, ఒక ఇంట్లో మేము ఒక పాట వాయించాం. ఆ పాట సాగుతున్నంతసేపే ఒక ఆడమనిషికి పారిపోయే వీలుంది. పాట మధ్యలో ఆగింది. ఆమె దొరికిపోయింది. ఆపింది మా డ్రమ్మర్ సత్తిబాబు అని అందరూ నమ్మారు. సత్తిబాబు కూడా నమ్మాడు.

మాది నలుగురి బ్యాండు. పెద్ద దిక్కు దాసుగారు. నరసాపురం దగ్గర చర్చిలో పాటలు పాడుతూ పెరిగిన మనిషి, కువైట్‌లో చమురు కంపెనీ వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఆయనతో పనిచేసిన ఒక అమెరికా నల్లజాతి ఇంజనీరు దేశం వదిలి వెళుతూ తన క్యాసెట్ల పెట్టె ఈయనకు ఇచ్చిపోయాడు. సగం వాళ్ళ చర్చి పాటలు, సగం ఫంక్. బేస్ గిటారు ముందు నడిచే సంగీతం అది. దరువులో మొదటి దెబ్బ మీద అందరూ ఒక్కసారి పడాలి, తర్వాత ఎవడి దారి వాడిది, మళ్ళీ మొదటి దెబ్బకు అందరూ ఇంటికి రావాలి. దాసుగారు ఆ పెట్టె విని విని పిచ్చెక్కి, ఒక బేస్ గిటారు కొని, కువైట్ సిటీలో ఒక చర్చి హాలు వెనక గదిలో మమ్మల్ని పోగేశారు.

నేను అమలాపురం వైపు దాన్ని. బి.ఎ. చదివాను. అక్కాబావల దగ్గర ఉంటూ ఒక వ్యాపార సంస్థలో టైపిస్టుగా చేసేదాన్ని. చిన్నప్పుడు నేర్చుకున్న హార్మోనియం పుణ్యాన కీబోర్డు నాకు వచ్చింది. పాటలు రాసేది నేను. ఆ క్యాసెట్లలో ఏ స్వరం కింద ఏ స్వరం ఉందో విడదీసి అందరికీ నేర్పేది నేను. సత్తిబాబుది రామచంద్రపురం, హోటల్లో వంటవాడు, చేతికి ఏది దొరికినా వాయించగలడు. ఇంక నాలుగో మనిషి రెడ్డెమ్మ.

రెడ్డెమ్మది రాజంపేట పక్క పల్లె. రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. ఆ ఇంటి మామాకు, అంటే యజమానురాలికి, సంగీతమంటే ఇష్టం కాబట్టి శుక్రవారాలు తమ డ్రైవరుతో మా దగ్గరికి పంపేది. రెడ్డెమ్మ వాళ్ళ నాన్న చెక్కభజన గురువు. ఆయన ఒక చరణం విసిరితే జట్టు మొత్తం చెక్కలు వాయిస్తూ, అడుగులు వేస్తూ దాన్ని తిరిగి అందుకోవాలి. ఆడపిల్లని జట్టులోకి రానివ్వకపోతే గట్టు మీద కూర్చుని అంతా గొంతులోకి దించుకుంది. మొదటిరోజు ఆమె నోరు విప్పగానే దాసుగారు బేస్ పక్కన పెట్టి, "ఇది మా చర్చీయే కదమ్మా" అన్నారు. రాముడి భజనలో చర్చి వినబడిందట ఆయనకు. నేను రెండేళ్ళు కూర్చుని విడదీసి నేర్పిందేదీ ఆయనకు అంత తొందరగా వినబడలేదు.

ఆమె అంటే నాకు పడేది కాదు. ఇది దాచను. ఆమె అణకువ గల పేదరాలు కాదు, అలా ఊహించుకోకండి. గొంతు ఉందన్న పొగరు నిలువెల్లా ఉండేది. నా కీబోర్డును "ఆ పెట్టె" అనేది. నన్ను "టైపు మేడమ్మ" అనేది. నేను రాసిన మాటలు నోరు తిరగకపోతే తీసి పక్కన పారేసి తన మాటలు పెట్టుకునేది, జనం వాటికే చప్పట్లు కొట్టేవాళ్ళు. పాట ఎవరిదండీ అని ఎవరైనా అడిగితే రెడ్డెమ్మ పాట అనేవాళ్ళు. నేను రాసిన పాట.

మా పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ప్రతి కార్యక్రమం చివర "ఇంకెంత దూరం" అనే పాట. ఆమె "ఇంకెంత దూరం" అంటుంది, మేము "ఇంకొంచెం" అంటాం. అలా అందుకున్నాక పాట ముందుకు పోదు, ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంది. దాన్ని మేము చుట్టు అనేవాళ్ళం. చుట్టు మొదలవగానే రెడ్డెమ్మ పాడుతూ వేదిక దిగి, జనం మధ్యలోంచి నడిచి, హాలు బయటికి వెళ్ళిపోతుంది. ఆమె గొంతు దూరమై దూరమై వినబడకుండా పోతుంది. మేము వాయిస్తూనే ఉంటాం. జనం చప్పట్లతో ఎదురుచూస్తారు. చాలాసేపటికి ఇంకో తలుపులోంచి పాడుకుంటూ వస్తుంది. అప్పుడు దాసుగారు కుడిచెయ్యి ఎత్తి పిడికిలి మూస్తారు. సత్తిబాబు ముగింపు దెబ్బ కొడతాడు. పిడికిలి మూసేదాకా ఆగే హక్కు ఎవరికీ లేదు. చేతులు పడిపోయినా సరే.

1990 ఆగస్టులో సైన్యం వచ్చింది. రెడ్డెమ్మకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, కుటుంబంతో సహా రాత్రికి రాత్రి సౌదీ వైపు వెళ్ళిపోయింది. ఇల్లు చూసుకోమని ఆమెను వదిలేశారు. పాస్‌పోర్టు వాళ్ళతోనే పోయింది. వారం తిరక్కుండా ఆ ఇంట్లో ఒక ఇరాకీ అధికారి మకాం పెట్టాడు. ఆమె వంట చేసింది. వంట చేస్తూ పాడింది. అక్కడొచ్చింది చిక్కు. ఆమె గొంతు అతనికి నచ్చింది. ఇంక ఆమె ఆ గేటు దాటి బయటికి రాలేదు. బస్రా మీదుగా అమ్మాన్ వెళ్ళే బస్సుల్లో మనవాళ్ళు బయల్దేరుతున్నారు, మాకూ సీట్లు దొరికాయి. రెడ్డెమ్మ సంగతి అడగడానికి దాసుగారు ఆ ఇంటికి వెళితే అధికారి నవ్వాడట. ఆమెకు బ్యాండు కూడా ఉందా, అయితే పోయేముందు వచ్చి నా మనుషులకు వాయించండి, అన్నాడట. ఆమెను మాత్రం పంపను, నేను ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి తీసుకుపోతాను, అన్నాడట. ఒక వస్తువు గురించి చెప్పినట్టు.

దాసుగారు పథకం వేశారు. చివరి పాటకు ముందు బేస్ ఆంప్లిఫయర్ ఫ్యూజు పోయిందని చెప్పి ఆయన కారు దగ్గరికి వెళ్ళి, వెనక సందులోకి కారు తెచ్చి నిలబెడతారు. చుట్టు మొదలవుతుంది. రెడ్డెమ్మ ఎప్పటిలాగే పాడుతూ నడుస్తుంది, వంటింట్లోకి వెళ్ళి గొంతు ఆపేస్తుంది, బట్టలారేసే పెరడు దాటి వెనక గేటు తీసుకుని సందులోకి వస్తుంది. బేస్ పని నా ఎడమచేత్తో కీబోర్డు మీద. పిడికిలి మూసేది నా కుడిచెయ్యి. ఎంతసేపు వాయించాలి అన్నాను. వాళ్ళు చప్పట్లు కొడుతున్నంతసేపు అన్నారు. ఆ తర్వాత మా సంగతేమిటి అన్నాను. "ఇండియావాళ్ళని ఏవీ చెయ్యరమ్మా, మాకు తెలీదని చెప్పేయండి" అన్నారు. ఆయన కారులో ఉంటారు. తెలీదని చెప్పాల్సింది నేనూ సత్తిబాబూ. ఈ మాట అప్పుడే ఆయన ముఖం మీద అన్నాను. వాదించాను. చివరికి సరే అన్నాను. సరే అన్నాను, గుర్తుపెట్టుకోండి. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

భోజనాలయ్యాక, మధ్యాహ్నం, ఆ ఇంటి దివానియాలో వాయించాం. మగ అతిథులు కూర్చునే పెద్ద హాలు అది. మొదలుపెట్టే ముందు మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. రెడ్డెమ్మ గిన్నె తోముతోంది. నా వైపు తిరగకుండానే అంది:

"ఏమే టైపు మేడమ్మా, చేతులు వణకతాండాయా?"

"నా చేతుల సంగతి నీకెందుకు? నువ్వు గొంతు చూసుకో. వంటింట్లోకి రాగానే నోరు మూసుకోవాలి, గుర్తుందా?"

"నా నోరు మూపిచ్చాలని నీకు ఎన్నాళ్ళ నుంచో కోరిక గదా. ఈ పొద్దు తీరతాదిలే."

"వేళాకోళం కాదు రెడ్డెమ్మా."

"నాది గూడా యాళాకోళం గాదు." గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది. "నీకు నేనంటే పడదు. నాకూ నువ్వంటే పడదు. ఆ దాసన్నకు దేవుడు ఎక్కువ, ఆ సత్తిబాబుకు భయం ఎక్కువ. నీకు పొగరు ఎక్కువ. పొగరున్నోళ్ళు పాట చెడగొట్టరు. అందుకే నీ చేతిలో పెడ్తాండా. నువ్వు చెయ్యి మూసేదాకా నేను పోతానే వుంటా. ఆ పెరట్లో గేటు గడియ తుప్పు పట్టిండాది, తీస్తే ఊరంతా ఇనపడ్తాది. నువ్వు గట్టిగా వాయించు, అంతే."

నేను నీళ్ళు తాగి వచ్చేశాను.

చివరి పాట వంతు వచ్చింది. దాసుగారు ఫ్యూజు పేరు చెప్పి బయటికి వెళ్ళారు. చుట్టు అందుకున్నాం. సైనికుల్లో సగం మంది ఇరవై ఏళ్ళు కూడా నిండని వాళ్ళు. తెలుగు ముక్క రాదు కానీ జవాబు నేర్చేసుకున్నారు. ఆమె "ఇంకెంత దూరం" అంటే వాళ్ళు వాళ్ళ యాసలో "ఇంకొంచెం" అంటున్నారు. వెనక గేటు దగ్గర ఉండాల్సిన కాపలావాడు కూడా దివానియా తలుపులో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. రెడ్డెమ్మ వాళ్ళ మధ్యలోంచి నడిచి, తలుపు దాటి, లోపలికి వెళ్ళింది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది.

ఇక్కడ నెమ్మదిగా రాయనివ్వండి.

ఎడమచెయ్యి బేస్ వాయిస్తోంది. కుడిచేత్తో పైన నేను ఏదో అల్లుతున్నాను. బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చింది, అంత బాగా నేను అంతకు ముందూ వాయించలేదు, తర్వాతా వాయించలేదు. అధికారి సోఫాలో ముందుకు వంగి నా చేతుల వైపు చూస్తున్నాడు. వాడంటే నాకు అసహ్యం. అయినా చూస్తున్నాడు కదా అని ఇంకా బాగా వాయించాను. దీనికి ఏం పేరు పెడతారో పెట్టండి. అప్పుడు వంటింట్లోంచి రెడ్డెమ్మ గొంతు లేచింది. ఆపేయాల్సిన చోట ఆపలేదు. పోతూ పోతూ కూడా ఒక్కసారి గొంతు విసరకుండా ఉండలేకపోయింది. అధికారి తల అటు తిరిగింది. ముఖం మెత్తబడింది. సైనికులందరి ముఖాలూ అటు తిరిగాయి. గదిలో లేని మనిషి వైపు. ఎదురుగా ఉన్న నన్ను వదిలేసి.

నా కుడిచెయ్యి లేచింది. మూసుకుంది.

సత్తిబాబు, పాపం, ఎప్పుడూ చెయ్యినే చూస్తాడు. ముగింపు దెబ్బ కొట్టాడు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పెరట్లో గడియ కీచుమంది. ఊరంతా వినబడేలా.

కాపలావాడు పరుగెత్తాడు. సందులోంచి కారు వెళ్ళిపోయిన చప్పుడైంది. దాసుగారిని నేనేమీ అనను, ఉండి ఉంటే ఆయన్నీ పట్టుకునేవాళ్ళు. రెడ్డెమ్మను రెక్క పట్టుకుని హాల్లోకి తెచ్చారు. అధికారి కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. నవ్వాడు. మళ్ళీ పాడమన్నాడు. ఆమె పాడింది, నేలవైపు చూస్తూ, ఒక్కసారి కూడా మావైపు చూడకుండా. మేము వాయించాం. తర్వాత, ఖలాస్, మీరు పోండి అన్నాడు. మేము పోయాం.

మర్నాడు బస్సులో సత్తిబాబు నా పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. ముందు సీట్లో దాసుగారు ఉన్నారు.

"మేడంగారండీ, ఒక్క మాట. మీరు చెయ్యి మూశారు కదండీ?"

"మూయలేదు. చెమట తుడుచుకున్నాను."

"నేను మూసినట్టే చూశానండి."

"చూస్తే నీ ఖర్మ. పాట ఇంకా సాగాలని నీకు తెలియదా?"

కిటికీ వైపు తిరిగి, "అయితే నాదేనండి తప్పు" అన్నాడు. దాసుగారి వీపు కదల్లేదు. విన్నారని నాకు తెలుసు. వినాలనే ఆ మాట గట్టిగా అన్నాను.

భయం వల్ల చేశానని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. బలమైన వాదనే. ఆమె కనబడకపోతే మమ్మల్ని ఏం చేసేవాళ్ళో ఎవరికి తెలుసు? ఇద్దరి ప్రాణం ఒకరి ప్రాణం కంటే ఎక్కువ కాదా? ఇలాంటి వాదనల్లో నన్ను గెలిచినవాళ్ళు లేరు. కానీ భయమే అయితే బస్సులో చెప్పేదాన్ని. భయపడ్డానని చెప్పుకోవడం సిగ్గుపడే సంగతేమీ కాదు, ఆ ఆగస్టులో అందరం భయపడ్డవాళ్ళమే. నేను అబద్ధం ఆడానంటే, ఆ చెయ్యి భయంతో మూసుకోలేదని నాకు అప్పుడే తెలుసు కాబట్టి.

ఇక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. యుద్ధం అయ్యాక దాసుగారూ నేనూ మళ్ళీ కువైట్ వెళ్ళాం. బ్యాండు మళ్ళీ మొదలైంది. సత్తిబాబును రానివ్వలేదు. "చెయ్యి చూడలేని మనిషితో ఎలాగమ్మా" అన్నారు దాసుగారు. నేను అవునని కూడా అనలేదు, కాదని కూడా అనలేదు. కొత్త డ్రమ్మర్ వచ్చాడు. రెడ్డెమ్మ చోట నేను పాడాను. మా బ్యాండు బాగా సాగిన కాలం అదే, పెళ్ళిళ్ళు, కంపెనీ విందులు, హోటళ్ళు, చర్చి పండగలు. ఎందుకు సాగిందో తెలుసా? "ఇంకెంత దూరం" పాడే ముందు దాసుగారు ప్రతిసారీ మైకు తీసుకుని రెడ్డెమ్మ కథ చెప్పేవారు. చెక్కభజన పాడే పనిమనిషి, ఇరాకీ అధికారి, వెనక గేటు. చివర్లో గొంతు తగ్గించి, "మా డ్రమ్మరు ఒక్క చుట్టు ముందు ఆపేశాడండీ, భయంతో" అనేవారు. హాలంతా నిట్టూర్చేది. నేను కీబోర్డు వెనక తల దించుకుని నిలబడేదాన్ని. స్నేహితురాలిని తలుచుకుని బాధపడుతోంది అనుకునేవాళ్ళు. ఆ తర్వాత పాట అందుకుంటే చప్పట్లు ఆగేవి కావు. ఇన్నేళ్ళూ నా పాటకు రానన్ని చప్పట్లు ఆ అబద్ధం తెచ్చిపెట్టింది. ఆ కథ ఊళ్ళకు పాకింది. రామచంద్రపురం దాకా పాకింది.

రెడ్డెమ్మ బతికే వచ్చింది. ఆ సైన్యం వెళ్ళిపోయాక ఎన్నో నెలలకు ఇంటికి చేరిందని విన్నాను. ఆ మధ్యకాలం గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే ముఖం ఎక్కడిది? కొన్నాళ్ళకు మళ్ళీ కువైటే వచ్చింది, సబా అల్ సలేంలో ఇంకో ఇంట్లో పనికి. అక్కడ ఒక తెలుగు కుటుంబంలో బారసాలకు వెళితే ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది. లావైంది. జుట్టు నెరిసింది. సత్తిబాబు ఎట్లుండాడని అడిగింది. "వానిమీద నాకేం కోపం ల్యా. భయపడినాడు పాపం. చెప్పు ఆయప్పకు" అంది. చెబుతాను అన్నాను. చెప్పలేదు. ఇప్పుడు పాడుతున్నావా అని అడిగాను, ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి. "ఎవురు ఎప్పుడు ఆపేస్తారో తెలీకుండా ఎట్ల పాడేది?" అని నవ్వింది. ఆమె పళ్ళెంలో లడ్డు అలాగే ఉండిపోయింది. నాది నేను తినేశాను.

ఇంతవరకూ దాచినదాన్ని ఇంకా దాచగలిగేదాన్నే. మొన్న దాసుగారు పోయారు. రాజమండ్రిలో ఆయన సంస్మరణ కూటానికి వెళ్ళాను. సత్తిబాబు వచ్చాడు. ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాడట. వెనక వరసలో కూర్చున్నాడు. దాసుగారి కొడుకు మంచివాడే, మంచి మనసుతోనే మైకులో అందరికీ పరిచయం చేశాడు: "నాన్నగారు చెప్పే కువైట్ కథలో డ్రమ్మరంకుల్ ఈయనే. నాన్నగారు ఈయన్ని ఎప్పుడో క్షమించేశారు." జనం వెనక్కి తిరిగి చూశారు. సత్తిబాబు లేచి దణ్ణం పెట్టాడు. అక్కడ డ్రమ్ములు ఉన్నాయి, ఎవరో ఒక్కసారి వాయించమన్నారు. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. "వద్దండి, నా చెయ్యి మంచిది కాదండి" అన్నాడు. ముందు వరసలో ఉన్న నాకు వినబడింది. అప్పుడైనా లేచి చెప్పొచ్చు. అక్కడే మైకు ఉంది. నేను లేవలేదు. కాఫీ ఇస్తే తాగాను.

ఆమె మీద నాకు ఇప్పటికీ ప్రేమ కలగలేదు. కలిగిందని రాస్తే మీకు బావుండేది, నాకూ బావుండేది. ఆ పొగరు, ఆ వేళాకోళం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయితే ఏమిటి? ఒకరంటే పడకపోవడం వేరు, వాళ్ళ గేటు మూయడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి బి.ఎ. అక్కర్లేదు.

సత్తిబాబూ, దీన్ని నీకు ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. నీ పేరు మార్చినా నువ్వేనని నీకు తెలిసిపోతుంది. నేను చెయ్యి మూశాను. నువ్వు సరిగ్గానే చూశావు. చూసి, ఆపాల్సినట్టే ఆపావు. బస్సులో నీతో అన్నది అబద్ధం. తర్వాత దాసుగారు మైకులో చెప్పిందంతా ఆ అబద్ధం మీద కట్టిందే, ఆయనకు అది తెలియదు. నువ్వు నన్ను తిట్టాలనుకుంటే తిట్టు. రెడ్డెమ్మకు కూడా ఇది చేరుతుంది, చేర్చే ఏర్పాటు చేశాను. ఆమె ఏమంటుందో నేను ఊహించను. ఊహించి ముందే జవాబు తయారుచేసుకునే అలవాటు నాకుంది, ఈసారి ఆ పని చేయను.

ఇది రాసేసరికి గుండె తేలికైంది. ఇంత తేలిగ్గా తేలికవడం నాకు నచ్చలేదు. వాళ్ళిద్దరి జీవితాల్లో ఒక్క రోజు కూడా దీనితో వెనక్కి రాదు. అయినా తేలికైంది. అది కూడా దాచను.